గృహారోగ్యము: పంటిపోటు తగ్గినంత మాత్రమున



పంటిపోటు వచ్చినప్పుడు లవంగనూనెలో ముంచిన దూది పెట్టి యూరకుండుట మన యిండ్లలో వాడుక. నాలుగు దినములు బాధించిన పోటు తనంతట తానే తగ్గినచో పీడ వదలినదని సంతసింతుము. కాని యట్లు తగ్గుట యన్ని వేళల మేలునకు గాదు. ఏల కాదో తెలియవలెనన్న, ముఖచర్మము క్రింద నేమున్నదో కొంత యెరుగవలెను. శస్త్రవిద్య నేర్చువాడు శాస్త్రము చదివినంత మాత్రమున జాలదు, శరీరమును గన్నులార జూడవలెనని సుశ్రుతుడు విధించెను. మనకంత పని లేకున్నను, చూచినవారు చెప్పిన దానిని దెలిసికొనుట మేలు.

ముఖమునందలి స్పర్శను, వేడిమిని, బాధను మెదడునకు దెలుపు ముఖ్యనాడికి త్రిధారనాడి యని పేరు. ఇది ప్రక్కకొకటి చొప్పున నుండును. దీనికి మూడు శాఖలు. మొదటిది నుదుటికిని కంటికిని, రెండవది చెక్కిలికిని పైపెదవికిని పైపండ్లకును, మూడవది క్రిందిదవడకును క్రిందిపండ్లకును నాలుక ముందుభాగమునకును కణతకును సంబంధించినవి.

మూడవ శాఖ కపాలపు టడుగున నున్న గ్రుడ్డు ఆకారపు రంధ్రము గుండ దిగి, దవడ వెనుకనున్న లోతైన సందున పాయలగును. అందొక పాయ దవడయెముకకును, దాని లోపలి నమలుకండరమునకును నడుమ దిగి, యెముకలోని సొరంగమున జొచ్చి, పండ్ల వేళ్లకు తంతువుల నిచ్చుచు బోయి, తుదకు గడ్డము ప్రక్క వెలువడి క్రిందిపెదవిని జేరును. క్రిందిదవడ పన్ను తీయుటకు ముందు డాక్టరు నోటి వెనుకభాగమున సూదిమందు వేయగా పెదవి సగము మొద్దుబారుట కిదియే కారణము. 1884లో వియన్నా వైద్యుడు కార్ల్ కోలర్ కొకెయినుతో కంటిని మొద్దుపరచవచ్చునని చూపిన పిమ్మట, కొలదికాలమునకే న్యూయార్కులో హాల్‌స్టెడ్ అను శస్త్రవైద్యుడు ఈ దవడనాడికిని ఆ మందు వేసెను. నేడు దానికి బదులు లిడోకెయిను వంటి మందులు వాడుచున్నారు.

ఆ శాఖదే మరియొక పాయ చెవి ముందుగా కణతకు బోవును. రెండును నొకే మూలమున గలియుటచేత, క్రిందిపన్ను పుచ్చినప్పుడు చెవిపోటు వచ్చినట్లు తోచుట కలదు. అట్టివారికి చెవిలో నూనెచుక్కలు వేసిన నేమి ఫలము? చెవిలో దోషము కనబడనిచో పండ్లను పరీక్షింపజేయవలెను.

ఇక నొప్పి తగ్గుట మాట. పంటి నడుమ మెత్తని గుజ్జును, అందు నాడియు, రక్తనాళములును గలవు. పుచ్చు ఆ గుజ్జును జేరినప్పుడు పోటు తీవ్రమగును. గుజ్జు చచ్చినంతనే పోటు ఆగును. వార్తాహరుడు మరణించెనే కాని శత్రువు మరణింపలేదు. క్రిములు వేరుకొనను దాటి యెముకలో చీము పట్టించును.

ముఖమున కండరముల నడుమ వదులైన పొరలతో నిండిన సందులు పెక్కులు గలవు. చీము తన కడ్డులేని దారి వెదకుకొని వానిలో బ్రవేశించును. నాలుక క్రింద నొక పలుచని కండరము దవడ రెండు ప్రక్కల నడుమ నుయ్యెలవలె నమరియున్నది. ముందరిపండ్ల వేళ్లకొనలు సాధారణముగా దానికి పైనుండును; చివరి రెండు దవడపండ్ల వేళ్లకొనలు దానికి దిగువకు బోవును. కావున ముందరివాని చీము నాలుక క్రిందను, చివరివాని చీము దవడ క్రిందను వాపు గలిగించును. నమలుకండరమును సోకినచో నోరు తెరువరాదు. ఇరుప్రక్కల నీ సందులన్నియు నొక్కసారి వాచినచో నాలుక పైకి లేచి, వెనుకకు నెట్టబడి, ఊపిరిదారి మూసికొనిపోవును. దీనిని 1836లో జర్మనీదేశపు లుడ్విగ్ అను వైద్యుడు వర్ణించినందున నాయన పేరనే పిలుచుచున్నారు. యాంటీబయాటిక్ మందులు రాకపూర్వ మీ వ్యాధి సోకినవారిలో సగమునకు మించి మరణించుచుండిరి. నేడు సకాలమున ఆసుపత్రికి జేరినవారిలో పెక్కుమంది బ్రతుకుచున్నారు. సకాలమున నను మాట మరువరాదు.

కావున నీ గురుతులను జ్ఞాపకముంచుకొనుడు: దవడ క్రింద గట్టిగా వాపు, జ్వరము, నోరు తెరువలేమి, ఉమ్మి మ్రింగలేమి, నాలుక పైకి లేచుట, మాట ముద్దగా వచ్చుట, పండుకొనిన ఊపిరాడకుండుట. వీనిలో నేది కనబడినను కాపడములతో తెల్లవారువరకు వేచియుండక, రాత్రియైనను పెద్దాసుపత్రికి బోవలెను. మధుమేహము గలవారు మరింత జాగరూకత వహింపవలెను. కారణము లేకుండ క్రిందిపెదవి, గడ్డము తిమ్మిరెక్కి యట్లే యుండినను, అది యెముకలోని నాడికి గలిగిన బాధకు గురుతు గావచ్చును, వెంటనే చూపవలెను.

గర్భిణులకు పంటివైద్యము కూడదను భయము కొందరికి గలదు. చీముపట్టిన పంటిని ప్రసవమువరకు విడిచియుంచుటయే యెక్కువ ప్రమాదము. సాధారణ చికిత్సకు నాలుగు మొదలు ఆరు నెలల కాలము అనుకూలము. అత్యవసరమైనచో నే నెలనైనను చేయింపవచ్చును. గర్భమున్న సంగతి మాత్రము డాక్టరుకు ముందుగనే చెప్పవలెను.

ఇంటిల్లిపాది రోగములకు ముందు నడచు గృహిణి తన పంటిపోటును పండుగ పోయిన పిమ్మట, పరీక్షలు ముగిసిన పిమ్మట చూచుకొందునని వాయిదా వేయుచుండును. పుచ్చు చిన్నదిగా నున్నప్పుడు పూడ్పించుట కొక్కపూట చాలును. పోటు తగ్గిన దినమే పండ్ల డాక్టరును జూడవలసిన దినమని యెంచుడు.