చిక్కుముడికి చందా కట్టాలా?

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయి, గిన్నెలు సర్ది, నడుం వాల్చే ముందు మనకంటూ మిగిలేది ఓ అరగంట. ఆ అరగంట మీరేం చేస్తారు? కొందరు సీరియల్ చూస్తారు, కొందరు కునుకు తీస్తారు. నేనైతే ఫోన్‌లో రోజుకొక లాజిక్ పజిల్ విప్పుతాను. అదీ పైసలు కట్టి!

మొన్న లక్సెట్టిపేట నుంచి వచ్చిన మా వదినకు ఈ సంగతి చెబితే ముక్కున వేలేసుకుంది. "గదేంది? నెత్తి పలగ్గొట్టుకునుడుకు మళ్ల పైసలు గూడ కట్టాల్నా?" అంది. అడగదగ్గ ప్రశ్నే. మీకూ ఈ అనుమానం వచ్చే ఉంటుంది. అందుకని ఈ వారం ఆ ముచ్చటే చెప్పుకుందాం.

లాజిక్ పజిల్ అంటే కొత్త వింతేమీ కాదు. చిన్నప్పుడు ధర్మపురిలో మా అమ్మమ్మ అడిగేది: "ఒకాయన పులిని, మేకను, గడ్డిమోపును గోదారి దాటించాలె. పడవల తనతోని ఒక్కటే పడుతది. ఆయన దగ్గర లేకుంటే పులి మేకను తింటది, మేక గడ్డిని తింటది. ఎట్ల దాటిస్తడు?" దీనికి పెద్ద చదువు అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు, అదృష్టం అసలే అక్కర్లేదు. కావలసిందంతా ప్రశ్నలోనే ఉంది. ఒకసారి దాటించిన మేకను మళ్ళీ వెనక్కి తేవచ్చునన్న ఆలోచన తడితే చాలు, ముడి విడిపోతుంది.

పేపర్లో వచ్చే సుడోకూ అంతే. అంకెలు చూసి భయపడతాం గానీ అందులో కూడికలూ లేవు, తీసివేతలూ లేవు. 1979లో అమెరికాలో వేరే పేరుతో అచ్చయిన ఈ ఆట, 1984లో జపాన్‌లోని నికోలి వారి పత్రికలోకి వెళ్ళి సుడోకు అయింది. 2004 నవంబరులో లండన్ 'టైమ్స్' వేయడం మొదలుపెట్టాక దేశదేశాలకూ పాకింది. సరిగ్గా తయారుచేసిన సుడోకుకు ఒకే ఒక్క జవాబు ఉంటుంది. ఊహించి రాయనక్కర లేదు, ఆలోచించి రాయవచ్చు.

ఇప్పుడు ఇలాంటివి రోజుకొకటి ఇచ్చే వెబ్‌సైట్లు ఉన్నాయి. కొన్ని పెద్ద కంపెనీలవి. కొన్ని మాత్రం ఒక్కరో ఇద్దరో తమ ఇంట్లో కూర్చుని సొంతంగా నడిపేవి. 'వర్డ్‌ల్' అనే ఇంగ్లీషు మాటల ఆట అలా ఒక్కడు చేసిందే. జాష్ వార్డ్‌ల్ దాన్ని 2021 అక్టోబరులో అందరి ముందూ పెట్టాడు. మూడు నాలుగు నెలలు తిరిగేసరికి, 2022 జనవరిలో 'న్యూయార్క్ టైమ్స్' కొనేసింది. సొంతంగా నడిపేవాళ్ళు నిలబడాలంటే ప్రకటనలు పెట్టాలి, లేదా ఎవరికైనా అమ్మాలి, లేదా మనలాంటి వాళ్ళం చందా కట్టాలి.

వదినకు సకినాల లెక్క చెప్పాను. సంక్రాంతికి మన వాడలోనే ఒకామె సకినాలు చేసి అమ్ముతుంది. కిలోకింత అంటే మారు మాట్లాడకుండా ఇస్తాం. పిండి ధర ఎంతో మనకు తెలియకనా? చుట్టు చుట్టులో ఆమె చెయ్యి ఉంది గనుక. పజిలూ అంతే. రోజుకొకటి కొత్తగా కట్టాలి, దానికి రెండో జవాబు రాకుండా సరిచూడాలి, తెల్లారేసరికి మన ముందు పెట్టాలి. నేను కట్టేది నెలకు లీటరు నూనె ప్యాకెట్టు పాటి.

అలాగని కనపడ్డ దానికల్లా కట్టకండి. ఒకసారి నేనే బోల్తా పడ్డాను. ఏడు రోజులు ఉచితమని ఒక యాప్‌లో చేరి మరిచిపోతే, ఎనిమిదో రోజున ఏడాది చందా ఒక్కసారే కోసుకుంది! అప్పటి నుంచీ ఈ జాగ్రత్తలు పాటిస్తున్నాను:

* ముందు ఉచితంగా ఇచ్చేవి రెండు వారాలు ఆడి చూడండి. అప్పటికీ మనసు లాగితేనే కట్టండి. మొదట నెల చందా చాలు, ఏడాదిది తర్వాత.

* ఉచిత గడువు ఎప్పుడు ముగుస్తుందో గ్యాస్ బుకింగ్ తేదీ రాసుకునే క్యాలెండర్ మీదే రాసుకోండి.

* డాలర్లలో తీసుకునే సైటయితే బ్యాంకు వేసే మారకపు రుసుం కూడా లెక్కలో వేసుకోండి.

* నెలనెలా దానంతటదే కోసుకునే డబ్బుకు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వు బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు 1 నుంచీ అమల్లో ఉంది. ఆ మెసేజ్ చదవకుండా తుడిచేయకండి. వద్దనుకుంటే యూపీఐ యాప్‌లో 'ఆటోపే' అన్నచోటికి వెళ్ళి ఆపేయవచ్చు.

* ఓటీపీ, పిన్ ఎవరికీ చెప్పకండి.

ఇంకొక మాట. పజిళ్ళు విప్పితే మతిమరుపు రాదని ఎవరైనా ప్రకటిస్తే నమ్మి డబ్బు పోయకండి. మెదడు ఆటలు అమ్మే 'లూమోసిటీ' వాళ్ళు అలాంటి మాటలు రుజువు లేకుండా చెప్పారని ఆరోపణ వస్తే, 2016 జనవరిలో అమెరికా ప్రభుత్వ సంస్థకు 20 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకోవలసి వచ్చింది.

"మరి నాకేమొస్తది?" అంది వదిన. ఆడి చూడమని ఫోన్ చేతికిచ్చాను. మొదటి రెండు రోజులు "నేను పదో తరగతి తప్పినదాన్ని, నాకేం తెలుస్తది" అంటూ పక్కన పెట్టేసింది. ఆరో రోజు నేను ఒకచోట చిక్కుకుని కూర్చుంటే, భుజం మీద నుంచి చూసి, "గీ గడిల ఏడు రాదు పిల్లా, పైన ఉన్నది సూడు" అంది. నిజమే! నలభై ఏళ్ళుగా తనకేమీ తెలియదనుకున్న మనిషి ముఖంలో ఆ వెలుగు చూస్తే, నా చందా పైసలు అక్కడికక్కడే వసూలయ్యాయి. ఊరికి వెళ్ళే ముందు, మిషన్ కుట్టి దాచుకున్న డబ్బుల్లోంచి తనూ ఒక నెలకు కట్టింది. బావగారిని అడగలేదు, ఊరికే చెప్పింది.

ఇల్లాలు తన తెలివికి తాను పెట్టుకునే ఖర్చు దుబారా కాదు. ఏమంటారు?

ఈ వారం మీకో ముడి: కరీంనగర్‌లోని మా ఇంటికి జగిత్యాల, నిర్మల్, మంచిర్యాల నుంచి ముగ్గురు వదినలు వచ్చారు. ఒకరు సకినాలు, ఒకరు గారెలు, ఒకరు లడ్డూలు తెచ్చారు. సకినాలు తెచ్చినామె గోదావరి దాటి వచ్చింది. నిర్మల్ వదిన సకినాలు తేలేదు. జగిత్యాల వదిన తెచ్చింది తీపి కాదు. ఎవరు ఏం తెచ్చారు?

జవాబు వచ్చే వారం. అందాకా పిల్లల్ని అడగకండి, మీరే విప్పండి!