రంగు వేస్తే సరా? ఆరనివ్వద్దూ!

హాలుకి రంగులు వేయించాలంటే ఇంటిల్లిపాదీ షేడ్ కార్డు ముందేసుకుని కూర్చుంటారు. అదే స్నానాలగది మాటెత్తితే, 'లోపలెవరు చూస్తార్లే' అనేస్తారు. ఎవరో ఎందుకు, రోజూ దాన్ని కడిగే మనిషి చూడదూ?

1980ల్లో, 90ల్లో కట్టిన ఫ్లాట్లలో, క్వార్టర్లలో నడుం ఎత్తుదాకా తెల్ల టైల్స్, ఆపైన డిస్టెంపర్ ఉన్న స్నానాలగదులు ఇప్పటికీ ఎన్నో. బోరునీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు షవర్ కింద గోడకి తెల్లటి చారలు కడతాయి. నీళ్లలో ఇనుముంటే ఎర్ర మరకలు. ఎంత తోమినా వదలకపోతే ఇల్లాలు చివరికి యాసిడ్ సీసా తీస్తుంది. ఆ యాసిడ్ మరకతోపాటు టైల్స్ మధ్యనున్న సిమెంటునీ తినేస్తుంది. ఆ సందుల్లోంచి నీళ్లు దిగి అవతలి గది గోడ ఉబ్బుతుంది. పోనీ అంతటితో ఆగుతారా అంటే, ఇంకా తెల్లగా రావాలని కొందరు దానిమీదే బ్లీచింగ్ పౌడర్ చల్లుతారు. ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ వాయువు. చిన్న కిటికీ ఉన్న గదిలో వంగి గచ్చు తోముతున్న మనిషికి ఊపిరాడకుండా చేయడానికి అది చాలు. గోడ తెల్లదనానికి ఇంత ఖరీదా?

టైల్స్ పగలగొట్టించి కొత్తవి వేయించడం అందరివల్లా అయ్యే పని కాదు. ఖర్చు సరే, ఆ దుమ్మూ, మేస్త్రీ చుట్టూ తిరగడమూ! అందుకే, టైల్స్ మీద వేసే ఎపాక్సీ రంగుకే నా ఓటు. కాకపోతే 'రంగు వేయించాం, ఆర్నెల్లకే పెచ్చులూడింది' అనేవాళ్లూ తక్కువేం లేరు. చాలాసార్లు తప్పు రంగుది కాదు, తొందరది.

నున్నగా మెరిసే టైలుకి రంగు పట్టదు. సబ్బు జిడ్డు, తలంటు నూనె మరకలు పూర్తిగా కడిగించి, మెరుపు పోయేదాకా ఉప్పుకాగితంతో రుద్దించాలి. ఎపాక్సీలో రంగొక డబ్బా, దాన్ని గట్టిపరిచే హార్డనర్ ఇంకో డబ్బా వస్తాయి. డబ్బామీద రాసిన పాళ్లలోనే కలపాలి, కలిపింది చెప్పిన వేళలోగా వాడేయాలి. పెయింటరు మామూలు ఎమల్షన్ తెచ్చి 'ఇదీ అదేనమ్మా' అంటే తలూపకండి. కిటికీ తెరిచి ఉంచాలి. ఆ వాసనలుండగా గ్యాస్ గీజర్ వెలిగించనే కూడదు. గర్భిణులూ, ఉబ్బసం ఉన్నవాళ్లూ ఆ దరిదాపులకి రాకూడదు. గోడకి వేసే మెరుపురంగు నేలకి మాత్రం వద్దు. తడికాలితో పెద్దవాళ్లు జారితే తుంటి విరుగుతుంది.

ఇవన్నీ పెయింటరు చేత చేయించవచ్చు. ఇంట్లోవాళ్ల చేత చేయించాల్సింది ఒకటుంది, అదే కష్టం. వేసిన మర్నాడు ముట్టుకుంటే రంగు ఆరినట్టే ఉంటుంది. లోపలిదాకా గట్టిపడటానికి చాలా రకాలకి వారం దాకా పడుతుంది. ఒక్కటే స్నానాలగది ఉన్న ఇంట్లో వారం ఎవరాగుతారండీ? మూడోరోజుకే 'ఆఫీసుకి టైమైపోతోంది' అంటూ అయ్యగారు బకెట్‌తో లోపల! నెల తిరక్కుండా పొక్కులు లేస్తే, 'నీ మాట విని డబ్బు తగలేశాం' అన్న మాట పడేది మాత్రం ఆవిడ.

అందుకని డబ్బా కొనకముందే ఆ వారం సంగతి ఇంట్లో తేల్చుకోవాలి. పిల్లలు సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్లే వేసవి అయితే మంచిది, గోడలూ పొడిగా ఉంటాయి. మిగిలినవాళ్లు పెరట్లోనో, పక్కవాటాలోనో సర్దుకోవచ్చు. గోడ లోపల పైపు కారుతుంటే మాత్రం ముందు ప్లంబరు, తర్వాతే పెయింటరు. ఆ వారం ఎవరికీ కుదరదంటే ఈ ఏడాదికి రంగు మానేసి, టైల్స్ సందుల్లో పోయిన తెల్ల సిమెంటు మళ్లీ పెట్టించండి. దానికి ఒకటి రెండు రోజులాగితే చాలు. అంతమాత్రానికి అయ్యగారు కూడా కాదనరు లెండి.