బంకరుకి వాస్తు, బిల్లుకి టేపు

మా ఊరు దక్షిణ అండమాన్‌లో సముద్రం ఒడ్డున ఉంది. పేరు రాయను, ఎందుకంటే ఆ ఊళ్ళో ఇంకా ఉండాల్సింది నేనే. ఒడ్డున ఒక జపాన్ బంకరు ఉంది. 1942 మార్చి నుంచి 1945 దాకా ఈ దీవులు జపాన్ సైన్యం చేతిలో ఉన్నప్పుడు కట్టింది. మా ఊరికి గుర్తంటే అదే. కొత్తవాళ్ళకి దారి చెప్పాలన్నా "బంకరు దాటాక" అంటాం.

పోయినేడాది మా పంచాయతీ దాన్ని "పునరుద్ధరించింది". అంటే ప్లాస్టరింగ్ చేసి మూడు రంగులు వేసింది. చుట్టూ టైల్స్, స్టీలు రెయిలింగ్, ముందు నాయకుల పేర్లతో గ్రానైటు ఫలకం. ఇంతవరకూ ఎక్కడైనా జరిగేదే. అసలు విశేషం వేరే ఉంది. బంకరుకి తుపాకీ పెట్టుకునే కన్నం ఒకటి సముద్రం వైపు ఉంటుంది కదా, మా బంకరుకి అది దక్షిణం. దక్షిణం వైపు నోరు తెరుచుకుని ఉండటం ఊరికి అరిష్టమని ఎవరో వాస్తు పండితుడు చెప్పాడట. దాన్ని సిమెంటుతో మూసేశారు! శత్రువు ఏ దిక్కునుంచి వస్తాడో చూసి కట్టినదానికి యముడి దిక్కు లెక్క చూశారన్నమాట.

నేను డిగ్రీ బీకామ్ చదివి, రక్షణ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరయినవాణ్ణి. బిల్లు కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేసి సమాచార హక్కు చట్టం కింద కాగితాలు అడిగాను. ముప్ఫయ్యో రోజు సాయంత్రం ఇచ్చారు. ఈ 2005 చట్టంలో సెక్షన్ 2(జె) అని ఒకటుంది, చాలామందికి తెలియదు. కాగితాల నకళ్ళే కాదు, జరిగిన పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామాను నమూనాలు తీసుకునే హక్కు కూడా పౌరుడికి ఉన్నాయి. టేపు పట్టుకుని వెళ్ళాను. కొలతల పుస్తకంలో రెయిలింగ్ 60 మీటర్లు. నా టేపులో 41.

ఇంకో పద్దు "స్థలం సిద్ధం చేయుట". అదేమిటని అడిగితే భూమిపూజ, శాంతి హోమం అని తేలింది. బంకరులో చనిపోయిన సైనికుల ఆత్మలు తిరుగుతున్నాయట. ఏ మతాన్నైనా పోషించడానికి ప్రత్యేకంగా కేటాయించే పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణ. ఇంత చిన్న బిల్లుకి అది వర్తిస్తుందా అని వకీళ్ళు వాదించుకోవచ్చు. కానీ హోమాన్ని "స్థలం సిద్ధం" అని రాయడం తప్పుడు పద్దు. దానికి వకీలు అక్కర్లేదు.

మా వార్డు మెంబరు మన శ్రీకాకుళం కుర్రాడే. "బాబాయ్, పెన్షన్ తీసుకుని హాయిగా ఉండక మీకెందుకు ఇవన్నీ? నేతాజీ పేరు మీద చేసిన పని" అన్నాడు. నిజమే, ఫలకం మీద అలాగే ఉంది: నేతాజీ ఇక్కడ విశ్రమించారట. "ఈ వాక్యానికి వోచరేది నాయనా?" అన్నాను. పెద్దలు చెప్పారన్నాడు. ఏ పెద్దలో చెప్పలేదు.

నేతాజీ పోర్ట్ బ్లెయిర్ వచ్చింది 1943 డిసెంబరు 29న. 30న జెండా ఎగరేశారు. ఉన్నది ఆ కొద్ది రోజులే, అదీ జపాన్ అధికారుల పహరాలో. మా ఊరొచ్చి బంకరులో పడుకున్నారనడానికి ఒక్క ఆధారం లేదు. ఆధారాలున్న చరిత్ర వేరే ఉంది. ఆయన వెళ్ళిన రెండు వారాలకి, 1944 జనవరి 14న, డాక్టర్ దీవాన్ సింగ్ జపాన్ వాళ్ళ చిత్రహింసలకి సెల్యులార్ జైల్లో చనిపోయారు. జనవరి 30న హంఫ్రీగంజ్‌లో 44 మందిని గూఢచారులన్న అనుమానంతో కాల్చేశారు. వాళ్ళలో ఎక్కువమంది నేతాజీ ఉద్యమానికే చెందిన ఇండియన్ ఇండిపెండెన్స్ లీగ్ వాళ్ళు. దీవుల్లో జనం చేత వెట్టిచాకిరీ చేయించిన కాలం అది. వీటిలో ఒక్క ముక్క ఫలకం మీద లేదు. ఉన్న చనిపోయినవాళ్ళని వదిలేసి లేని ఆత్మలకి శాంతి చేశారు.

పోనీ, బంకరన్నా నిలబడుతుందా? 2004 డిసెంబరు 26 భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ ప్రాంతం సుమారు ఒక మీటరు కుంగింది. సిప్పీఘాట్ వరిపొలాల్లోకి అప్పుడే ఉప్పునీళ్ళు వచ్చాయి. మా ఒడ్డు కూడా కోతకు గురవుతోంది, బంకరు కింద ఇసుక జారిపోతోంది. అంచనాలో దానికి ఒక్క రూపాయి లేదు. పైగా పాత కాంక్రీటుకి నీరు పీల్చని రంగు పూస్తే లోపలి ఉప్పుతేమ బయటికి రాదు. ఇనుము తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది.

హేతువాదులకి పాత కట్టడాలంటే పడదని కొందరంటారు. రాజ్యాంగం 51ఎలో శాస్త్రీయ దృక్పథం (హెచ్) అయితే, వారసత్వాన్ని కాపాడటం (ఎఫ్). రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. సెల్యులార్ జైలుకి ఏడు విభాగాలుండేవి, ఇప్పుడు మూడే మిగిలాయి. అవైనా మిగిలాయంటే పాత ఖైదీలు పోట్లాడబట్టే. 1979లో జాతీయ స్మారకమైంది. అప్పట్లో కూలగొట్టి పోగొట్టుకున్నాం, ఇప్పుడు బాగుచేసి పోగొట్టుకుంటున్నాం.

గ్రామసభలో లేచి మూడు అడిగాను: 19 మీటర్ల రెయిలింగ్ డబ్బు వెనక్కి, ఆ వాక్యం చెరపడం, కన్నం తెరవడం. మొదటిదానికి "పరిశీలిస్తాం" అన్నారు. రెండోదానికి కొందరు అరిచారు. మూడోదానికి మాత్రం ఒక ముసలి జాలరి లేచి "మా నాన్న చేత రాళ్ళు మోయించి కట్టించార్రా అది, దాని మొహం ఎందుకు మూశారు?" అన్నాడు. సభ కాసేపు ఊరుకుంది. తర్వాతి అంశం తాగునీళ్ళు.

కన్నం మూయకముందు ఫొటో నా దగ్గర ఒకటే ఉంది. 1990ల్లో తీసింది. అందులోంచి మా అమ్మాయి తల బయటపెట్టి నవ్వుతోంటుంది. దాని నకలు అర్జీకి జతచేశాను.