‘కుచ్ నై హోతా’ అనే మాట మానేద్దాం

మొన్న హనుమకొండలో ఒక సూపర్ మార్కెట్‌లో సాస్ సీసాల ముందు పావుగంట నిలబడ్డాను. మా చిన్న బేటీ తొమ్మిదో తరగతి. జపాన్ కార్టూన్లంటే పిచ్చి. వాటిలో పిల్లలు తినే తెరియాకీ చికెన్ తనకూ కావాలని రెండు నెలలుగా ఒకటే జిద్దు. సీసా వెనకాల చీమల్లాంటి అక్షరాలుంటాయి కదా, కళ్లజోడు పైకెత్తి మరీ చదివాను. ఆల్కహాల్ లేదు. జెలటిన్ లేదు. ఇంటికొచ్చి, “లే బేటా, హలాల్ హై” అని ఫఖర్‌గా చేతిలో పెట్టాను.

తను సీసా తిప్పి రెండు క్షణాలు చూసింది. “అబ్బా, ఇండ్ల గోధుమ ఉంది” అన్నది. నిజమే. సోయాబీన్ అనే మాట పక్కనే ఉంది. నా కళ్లు దాన్ని దాటిపోయాయి. తను గుస్సా చేయలేదు. మామూలుగానే ఒక మాట అన్నది: “మీరు మీకు ఫికర్ ఉన్నవి వెతికిండ్రు అబ్బా. నావి వెతకలే.”

మా బేటీకి సీలియాక్ బీమారీ ఉందని తెలిసి మూడేళ్లయింది. ఆ మూడేళ్లూ నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. జర్నలిస్టును. చదవడమే నా పేశా. అయినా నా కూతురి కోసం చదవాల్సిన ఒక్క మాట చదవలేకపోయాను. ఆ శరమ్‌తోనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ బీమారీ సంగతి. గోధుమ, బార్లీ, రై అనే మూడు ధాన్యాల్లో గ్లూటెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. రోటీ పిండి సాగేది దానివల్లే. సీలియాక్ ఉన్నవాళ్ల కడుపులోకి అది వెళ్తే, ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థ తిరగబడి సొంత చిన్నపేగు మీదే హమ్లా చేస్తుంది. పేగు లోపల ఆహారాన్ని పీల్చుకునే సన్నని మొలకల్లాంటివి ఉంటాయి. అవి అరిగి చదునైపోతాయి. ఇక తిన్నది ఒంటపట్టదు. ఒకరికి విరేచనాలు, ఒకరికి కడుపుబ్బరం. ఇంకొకరికి కడుపులో ఏ తక్లీఫూ ఉండదు, ఖూన్ మాత్రం ఎప్పుడూ తక్కువే. మా పిల్లకూ నాలుగేళ్లు ఐరన్ సిరప్పులు, నులిపురుగుల మాత్రలు తాగించాం, మింగించాం. చివరికి ఒక డాక్టరుగారు రక్తపరీక్ష రాసి, ఎండోస్కోపీ చేయించి చెప్పారు. దీనికి మందు లేదు. ఉన్న ఒకే ఇలాజ్, జిందగీ అంతా పర్హేజ్.

ఈ బీమారీకీ గోధుమకూ సంబంధం ఉందని గట్టిగా చూపించింది విలెం డికె అనే డచ్ పిల్లల డాక్టర్. రెండో ప్రపంచయుద్ధం చివర్లో, 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో ఘోరమైన కరువు వచ్చింది. జనానికి రొట్టె దొరకలేదు. అలాంటి రోజుల్లోనూ సీలియాక్ పిల్లలు కోలుకోవడం కనిపించింది. డికెకు అంతకుముందే గోధుమ మీద అనుమానం ఉంది. ఈ అనుభవంతో అది బలపడింది. 1950లో తన థీసిస్‌లో ఆ సంగతి రాశాడు. అంటే లోకానికి ఇది తెలిసి డెబ్బై ఏళ్లు దాటింది. మన గల్లీలకు ఇంకా తెలియలేదు.

తెలియకపోవడానికి ఒక సబబు ఉంది. దక్షిణాదిలో ఇది తక్కువ. ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాది ప్రాంతాలను పోల్చిన ఒక పెద్ద అధ్యయనం 2016లో వెలువడింది. రక్తపరీక్షలో సీలియాక్ లక్షణం బయటపడ్డవాళ్లు ఉత్తరాన నూటికి ఒకరికంటే ఎక్కువ ఉంటే, దక్షిణాన వెయ్యికి ఒకరు. బీమారీకి తావిచ్చే జన్యువులు మాత్రం అన్నిచోట్లా దాదాపు సమానంగానే ఉన్నాయి. పెద్ద తేడా గోధుమ తినడంలో కనిపించింది. ఇప్పుడు మన దస్తర్‌ఖాన్ గుర్తు చేసుకోండి. నాష్తాకు పరాఠా, రాత్రికి రోటీ, దావత్‌లో నాన్, రంజాన్‌లో హలీం, మొహర్రంలో ఖిచ్‌డా, ఈద్‌కు షీర్ ఖుర్మా. మనం ఉండేది వరంగల్‌లోనే, తినేది సగం ఉత్తరాది తిండి. అందుకే ‘ఇది మన దిక్కు ఉండే బీమారీ కాదు’ అనే మాట మన ఇళ్ల విషయంలో అంత తొందరగా అనకూడదని నా రాయ్.

ఇక సాస్ సంగతి. సోయా సాస్ అంటే సోయా చిక్కుడుతో చేసేదనే నేనూ అనుకున్నాను. జపాన్‌లో ఎక్కువగా వాడే సోయా సాస్‌లో సోయా ఎంతో గోధుమ దాదాపు అంతే ఉంటుంది. వేయించి పగలగొట్టిన గోధుమను ఉడికిన సోయాతో కలిపి, బూజు పట్టించి, ఉప్పునీళ్లలో నెలల తరబడి పులియబెడతారు. ఆ తియ్యటి వాసన చాలావరకు గోధుమదే. తమారి అని ఇంకో రకం ఉంది. దాంట్లో గోధుమ చాలా తక్కువ, లేదా అసలుండదు. కానీ అది మన ఊళ్లో దొరకడం ముష్కిల్, దొరికినా మెహంగా. దాని మీద కూడా ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాసుంటేనే కొనాలి. తెరియాకీ అంటే ఈ సోయా సాస్‌కు చక్కెర, మిరిన్, సాకే కలిపి మాంసం మీద నిగనిగలాడేలా పూసి కాల్చడం. మిరిన్, సాకే రెండూ బియ్యంతో చేసే మద్యాలు. అంటే అసలు జపాన్ పద్ధతిలో చేసింది మా పిల్లకు రెండు విధాలా పనికిరాదు. సహజంగా పులిసిన సోయా సాస్‌లో తనంతట తానే కొద్దిగా ఆల్కహాల్ పుడుతుంది. దాని మసలా ఉలమాను అడగండి, నేను ముఫ్తీని కాను.

జపాన్ దాకా ఎందుకు? సోయా సాస్ మన వలీమాల్లోకి వచ్చి చాలా ఏళ్లయింది. చికెన్ మంచూరియాలో ఉంటుంది. ఫ్రైడ్ రైస్‌లో ఉంటుంది. చికెన్ 65కు కొందరు మైదా పట్టిస్తారు. రోడ్డు మీద ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర ఒకే కడాయి, ఒకే నూనె, ఒకే గరిటె. ఇంట్లో వాడే ఇంగువ డబ్బా చూడండి. ఇంగువ ఘాటు తగ్గించడానికి మైదానో బియ్యప్పిండో కలుపుతారు. ఏది కలిపారో చదివితేగానీ తెలియదు. పిల్లలకు పాలలో కలిపే మాల్టు పౌడర్లు చాలావరకు బార్లీవే.

వీటన్నిటికంటే ఖతర్నాక్ చీజ్ ఒకటుంది. అది ఒక మాట. ‘జరా ఖాలే బేటా, కుచ్ నై హోతా.’

ఆ మాట అనేవాళ్లు దుష్మన్లు కారు. ప్రాణమిచ్చే ఖాలాలు, ఫుప్పులు, పక్కింటి ఆపాలు. నిరుడు రంజాన్‌లో ఒక ఇఫ్తార్‌లో ఒక పెద్దావిడ మా పిల్ల ముందు హలీం గిన్నె పెట్టి, “రంజాన్‌ల కూడా పర్హేజేనా? ఒక్క చెంచా తిను, అల్లా షిఫా ఇస్తడు” అన్నది. హలీంలో మాంసం తర్వాత పెద్ద సంగతి గోధుమే. ఆ జిగురంతా దానిదే. పిల్ల మొహమాటానికి తిన్నది. తర్వాత మూడు రోజులు పడుకున్నది. నేను ఆ గిన్నె ముందే కూర్చుని ఉన్నాను. మేజ్‌బాన్‌కు బురా లగ్తా అని నోరు మూసుకున్నాను.

మెహమాన్ నవాజీ మన షాన్. ఒప్పుకుంటాను. కానీ మెహమాన్ ఒంటికి పడనిది బలవంతంగా తినిపిస్తే అది నవాజీ ఎట్లవుతుంది? బీమార్‌కు, ముసాఫిర్‌కు రోజా విషయంలోనే రుఖ్సత్ ఉంది. దీన్‌లో ఫర్జ్ అయిన దాంట్లోనే అంత సౌలత్ ఉంటే, హలీం గిన్నె దగ్గర మనం అంత సఖ్త్‌గా ఎందుకుంటాం? మన కితాబ్‌లో తిండి గురించి హలాల్ మాట వచ్చినచోట దాని పక్కనే తయ్యిబ్ అనే మాట కూడా వస్తుంది. మంచిది, ఒంటికి పడేది అని. మనం మొదటి మాట గట్టిగా పట్టుకున్నాం, రెండోది వదిలేశాం. నేను సూపర్ మార్కెట్‌లో చేసింది కూడా అదే.

‘ఇదంతా పైసలున్నోళ్ల ఫ్యాషన్’ అనేవాళ్లున్నారు. కొంత నిజం. బరువు తగ్గాలని, సినిమావాళ్లు మానేశారని గోధుమ మానేసేవాళ్లున్నారు. వాళ్ల వల్ల నిజంగా బీమార్ ఉన్నవాళ్ల మాట కూడా నఖ్రాగా కనిపిస్తోంది. మా ఇంట్లో మాత్రం ఖర్చు పెద్దగా పెరగలేదు. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊరు మనది. బియ్యం, జొన్నలు, మక్కలు ఈ గడ్డ మీద కొత్తవి కావు. మా అమ్మీ చిన్నప్పుడు తిన్న జొన్న రొట్టె ఇప్పుడు మా ఇంట్లో మళ్లీ కాలుతోంది. ఒక్కటే షర్త్: గోధుమలు ఆడించే గిర్నీలో ఆ జొన్నలు ఆడించకూడదు.

ఇక ఆ సాస్. సీసా వెనక్కి ఇచ్చేశాక మా బేగం, నేను మూడు జుమ్మాలు తజుర్బా చేసి ఒకటి కుదుర్చుకున్నాం. సోయా లేదు, గోధుమ లేదు, మద్యం లేదు. సోయా ఇచ్చే ఆ లోతైన రుచి కోసం మనకు తెలిసిన యఖ్నీనే పట్టుకున్నాం. అర కిలో కోడి ఎముకలు, లీటరు నీళ్లు, బొటనవేలంత అల్లం, నాలుగు మిరియాలు వేసి సన్నని సెగ మీద గంటసేపు ఉడికించాలి. వడగట్టి, మళ్లీ మరిగించి, ఒక కప్పుకు దించాలి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో మూడు టేబుల్ స్పూన్ల చక్కెర, ఒక స్పూన్ నీళ్లు వేసి ముదురు గోధుమరంగు వచ్చేదాకా కరిగించాలి. రంగు మాత్రమే గోధుమ. నల్లబడితే చేదవుతుంది, దగ్గరే ఉండండి. అందులో యఖ్నీ మెల్లగా పోయాలి. పైకి చిమ్ముతుంది, పిల్లల్ని దూరంగా ఉంచండి. టీ స్పూన్ ఉప్పు, టేబుల్ స్పూన్ బెల్లం, టేబుల్ స్పూన్ తెల్ల సిర్కా, టీ స్పూన్ అల్లం రసం వేయాలి. మాల్ట్ సిర్కా వద్దు, అది బార్లీది. టేబుల్ స్పూన్ కార్న్ ఫ్లోర్‌ను చల్లటి నీళ్లలో కలిపి పోసి, నిగనిగలాడేదాకా రెండు నిమిషాలు తిప్పితే చాలు. కార్న్ ఫ్లోర్ విడిగా అమ్మేది కాకుండా ప్యాకెట్‌ది, లేబుల్ చదివి కొనండి. బోన్‌లెస్ చికెన్‌ను పెనం మీద పూర్తిగా ఉడికేలా కాల్చి, చివర్లో ఈ సాస్ పోసి దొర్లించి, పైన నువ్వులు చల్లండి. మిగిలితే ఫ్రిజ్‌లో మూడు రోజులు ఉంటుంది.

ఉల్లి, వెల్లుల్లి, మిరప కావాలనే వేయలేదు. సీలియాక్ లేకపోయినా ఉల్లి, వెల్లుల్లి తింటే కడుపుబ్బి బాధపడేవాళ్లు చాలామంది ఉంటారు. నాజూకు కడుపులవాళ్లు ఎవరైనా తినొచ్చు. జపానువాళ్లు దీన్ని తెరియాకీ అని ఒప్పుకోరు. మా పిల్ల ఒప్పుకున్నది, నాకు అది చాలు.

ఒక ఎహ్తియాత్ మాత్రం తప్పక చెప్పాలి. ఇది చదివి, పిల్లాడికి కడుపునొప్పి కదా అని రేపటి నుంచే రోటీ మాన్పించకండి. గోధుమ మానేసిన తర్వాత పరీక్ష చేస్తే బీమారీ ఉన్నా కనిపించకపోవచ్చు. ముందు డాక్టర్, పరీక్ష. ఆ తర్వాతే పర్హేజ్. అన్ని కడుపునొప్పులూ సీలియాక్ కావు.

ఇంకో మాట హుకూమత్‌కు. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని మన దేశంలో కాయిదా ఉంది. ప్యాకెట్ మీద గోధుమ లాంటి అలర్జీ పదార్థాల పేర్లు చెప్పాలని కూడా ఉంది. మంచిదే. కానీ ఆ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. మన ఇళ్లలో పొయ్యి దగ్గర నిలబడేది ఎవరు? ఉర్దూనో తెలుగో చదివిన అమ్మీలు, బేగంలు. 2017 నుంచి ఉర్దూ ఈ రాష్ట్రమంతటా రెండో అధికార భాష. ఆఫీసు బోర్డు మీద ఉర్దూ ఉంటే ఖుషీ పడ్డాం. ఇంగువ డబ్బా మీద తెలుగు, ఉర్దూ ఉంటే పిల్లల కడుపులు బాగుంటాయి.

అదయ్యేదాకా మనం చేసుకునేవి మనం చేసుకుందాం. దావత్‌కు పిలిచేటప్పుడు ‘మీ ఇంట్లో ఎవరికైనా పర్హేజ్ ఉందా?’ అని అడుగుదాం. వలీమాలో సాదా అన్నం, మైదా తగలని ఒక కూర, దానికి వేరే గరిటె పెట్టమని కేటరింగ్ వాళ్లకు చెబుదాం. ఎవరైనా పిల్ల ‘వద్దు’ అంటే రెండోసారి బలవంతం చేయకుండా ఉందాం. ఆ పిల్ల పక్కన కూర్చున్న అబ్బా నోరు మూసుకోకుండా ఉండాలి. ఇది ముందు నాకు నేను చెప్పుకుంటున్నాను.

మా అమ్మీకి ఉర్దూ తప్ప ఇంకో లిపి రాదు. పోయిన వారం మా బేటీ ఒక కాగితం మీద వీట్, బార్లీ, మాల్ట్, రై అనే మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా రాసి, ఒక్కోదాని పక్కన ఉర్దూలో అర్థం రాసి, వంటింటి గోడకు అతికించింది. నిన్న పొద్దున చూస్తే అమ్మీ కొత్త ఇంగువ డబ్బాను ఆ కాగితం పక్కన పట్టుకుని, ఒక్కో అక్షరం పోల్చి చూస్తోంది. ఆమెకు డెబ్బై రెండేళ్లు. నన్ను చూసి అడిగింది: “ఏ వాలా లఫ్జ్ ఇస్ మే హై క్యా, దేఖ్ బేటా.”

ఈసారి నేను సరిగ్గా చదివాను. ఉంది. ఆ డబ్బా పక్కన పెట్టేశాం.