టాబ్లెట్టుకు నీరసం

మా ఆవిడకి ఆదివారమంటే టాబ్లెట్టే. అమెరికాలో వున్న మనవడు అందులో కనిపించి "అమ్మమ్మా!" అంటే గాని ఆవిడ కాఫీ ముట్టదు. అటువంటిది, నెల రోజులుగా వాడు పద్యం ఎత్తుకునే సరికి బొమ్మ ఆరిపోతోంది. అయిదింటికే లేచి ప్లగ్గులో పెట్టినా, ఏడింటికి నూటికి 15 వంతులైనా నిండటం లేదు.

"రాత్రిళ్ళు సీరియళ్ళు చూసి బ్యాటరీని నువ్వే చంపావు," అన్నాను. ఆవిడ సీరియల్ మానేసింది. నాతో మాటలు కూడాను. బజార్లో కుర్రాడేమో బ్యాటరీ మార్చాల్సిందే అన్నాడు.

చివరికి భూతద్దం తీసుకుని ఛార్జరు మీది చీమతలకాయంత అక్షరాలు చదివాను. 5 వోల్టులు, 1 ఆంపియరు. రెంటినీ గుణిస్తే 5 వాట్లు. అది పాత ఫోనుది! మా టాబ్లెట్టు బ్యాటరీ పట్టేది సుమారు 27 వాట్-గంటలు. అంటే లెక్క ప్రకారమే అయిదు గంటల పైచిలుకు; వృథా కలుపుకుంటే ఆరో, ఏడో. మధ్యలో బొమ్మ చూస్తూ కూర్చుంటే వచ్చింది వచ్చినట్టే ఖర్చు. బిందెను ఉగ్గుగిన్నెతో నింపుతున్నామన్నమాట. దాని సొంత ఛార్జరు 2 ఆంపియర్లది, 10 వాట్లు. కంప్యూటరుకున్న పాతరకం యు.ఎస్.బి. రంధ్రంలో పెట్టేవారికి అర ఆంపియరే గతి.

రెండో దొంగ తీగ. పొడుగ్గా వుందని చవగ్గా కొన్నాను. లోపలి రాగి సన్నం కావటంతో దారిలోనే వోల్టులు పడిపోతున్నాయి. పొట్టిది, లావుపాటిది మార్చాను. మూడోది, టాబ్లెట్టు రంధ్రంలో దూది ఉండలా పేరుకున్న ధూళి. టాబ్లెట్టు పూర్తిగా ఆపి, చెక్క పుల్లతో మెల్లగా తీశాను. (పిన్నీసు పెట్టకండి, లోపలి మొనలు చెడతాయి.) పరుపు మీద వేడెక్కితే కూడా ఛార్జి మందగిస్తుందట; బల్ల మీదకు మార్చాం. 80 వంతులు దాటాక నెమ్మదించడం మాత్రం జబ్బు కాదు. బ్యాటరీ మేలుకోసం అలా అమర్చారు.

మొన్న ఆదివారం మనవడు పద్యం పూర్తిగా చెప్పాడు, రెండుసార్లు. ఆవిడ నాకూ కాఫీ యిచ్చింది.

అసలు ఛార్జరు ఎక్కడ దొరికిందంటారా? నా గదిలోనే. నా ఫోను త్వరగా నిండుతోందని నేనే పట్టుకుపోయాను. ఆవిడ యింకా అడగలేదు. ఈ వారం పత్రిక ఆవిడ చేతికి రాకముందే చెప్పేయాలి.