చంపేశాం, విచారించలేదు

సర్వర్ మొరాయించగానే మన చేయి టాప్ కమాండ్ మీదికి పోతుంది. పైవరసలో ఎవరి ప్రాసెస్ ఉంటే దాన్ని కిల్ మైనస్ నైన్‌తో చంపేస్తాం. నలుగురూ పంచుకునే యూనిక్స్ యంత్రాలను చూసుకునే మనమందరం చేస్తున్నది ఇదే. రోజుల తరబడి నడిచిన పరిశోధక విద్యార్థుల లెక్కలు అలా మన చేతుల్లోనే పోయాయి. వాళ్లకు సంజాయిషీ ఇచ్చిన పాపాన పోలేదు.

సీపీయూ ఎక్కువ తింటున్నదల్లా అదుపు తప్పినది కాదు. ముందు దాని పుట్టుపూర్వోత్తరాలు చూడాలి. తల్లి ప్రాసెస్ పోయి ఒకటో నంబరు ప్రాసెస్ కిందికి చేరిందా, టెర్మినల్ గడిలో ప్రశ్నార్థకం ఉందా, యజమాని లాగౌట్ అయ్యాడా? ఈ లక్షణాలు మామూలు డీమన్లకూ ఉంటాయి కాబట్టి అక్కడితో ఆగకూడదు. లినక్స్‌లో అయితే ఎస్‌ట్రేస్ తగిలించాలి. టెర్మినల్ తెగిపోయిన ఎడిటర్, రీడ్ కాల్ విఫలమైందని తెలిసినా మళ్లీ మళ్లీ అదే పిలుస్తూ ఉంటే అప్పుడు దొరుకుతుంది. ఆ జవాబును పట్టించుకోని కోడు రాసిందీ మనవాళ్లే.

లినక్స్ పీఎస్ చూపే శాతం ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి తీసిన సగటు. నిన్నటిదాకా నిద్రపోయి ఇప్పుడే గాడి తప్పినది అందులో అమాయకంగా కనిపిస్తుంది. మాన్యువల్లో ఉన్న సంగతే. మనం చదవలేదు.

1988 నవంబరు 2 రాత్రి ఇంటర్నెట్‌లో యంత్రం నుంచి యంత్రానికి పాకిన మోరిస్ వార్మ్ మన అలవాటునే వాడుకుంది. ఎస్‌హెచ్ అని మామూలు షెల్ పేరు పెట్టుకుంది. సీపీయూ సమయం ఒకే నంబరు మీద పోగుపడకుండా మాటిమాటికీ ఫోర్క్ అయి, పాతదాన్ని వదిలేసి కొత్త నంబరుతో నడిచింది. యూటా విశ్వవిద్యాలయంలో చంపినా తిరిగొచ్చి, లోడ్‌ను 37 దాకా తీసుకెళ్లింది. ఆ తర్వాత అది చొరబడిన సెండ్‌మెయిల్, ఫింగర్ కంతలు పూడ్చాం. పేరునూ సమయాన్నీ చూసి నేరం మోపే పద్ధతి మాత్రం మానలేదు.

ఒక్కో ప్రాసెస్ వాడే సీపీయూ సమయానికి హద్దు పెట్టే సౌకర్యం 1983 నాటి 4.2 బీఎస్‌డీలోనే ఉంది. యూజర్లు గొణుగుతారని చాలాచోట్ల పెట్టలేదు. చంపకుండా నిలిపే స్టాప్ సిగ్నల్ కూడా ఉంది: మెమరీ చెదరదు, యజమానిని అడగవచ్చు, సబబైన పనే అయితే మళ్లీ నడిపించవచ్చు. కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలకు ఇవాళ్టికీ మనం ముందుగా నేర్పుతున్నది తొమ్మిదో సిగ్నలే.