బుద్ధ సర్క్యూట్: ఊరు ఎందుకు పట్టించుకోదు?

గ్రేటర్ నోయిడాలో యమునా ఎక్స్‌ప్రెస్‌వే పక్కన ఉన్న బుద్ధ అంతర్జాతీయ సర్క్యూట్ పొడవు 5.125 కిలోమీటర్లు. 2011 నుంచి 2013 వరకు అక్కడ మూడు ఫార్ములా వన్ పోటీలు జరిగాయి. మూడింటిలోనూ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు. 2023లో మోటోజీపీ వచ్చింది, ఆ మరుసటి ఏడాది రాలేదు. పోటీ ఆగిన ప్రతిసారీ ఢిల్లీ మీడియా దేశ ప్రతిష్ఠ గురించి వాపోతుంది. చుట్టుపక్కల గ్రామాలకు మాత్రం ఆ బాధ లేదు.

ఈ ఉదాసీనతను పల్లెల వెనుకబాటుతనంగా చూడటం మనకు అలవాటు. నిజానికి అది అనుభవం నేర్పిన తీర్పు. ఆ ప్రాంతంలో 1894 నాటి చట్టం కింద 'ప్రజాప్రయోజనం' పేరిట రైతుల పొలాలు సేకరించారు. అదే జిల్లాలోని భట్టా పార్సౌల్‌లో 2011 మేలో పరిహారం కోసం సాగిన ఆందోళన ఘర్షణగా మారి, రైతులూ పోలీసులూ ప్రాణాలు కోల్పోయారు. ఆరు నెలలు తిరగకుండానే మొదటి ఫార్ములా వన్ పోటీ జరిగింది. దానికి రాష్ట్ర ప్రభుత్వం వినోదపు పన్ను మినహాయిస్తే, టికెట్ల రాబడిలో 25 శాతాన్ని విడిగా జమ చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. పొలం ఏటా పండేది; పరిహారం ఒక్కసారి వచ్చేది. ఏడాదికి మూడు రోజుల పోటీ ఆ లోటును ఎలా పూడుస్తుంది?

బకాయిల కారణంగా, సర్క్యూట్ సహా దాదాపు వెయ్యి హెక్టార్ల కేటాయింపును ప్రాధికార సంస్థ 2020లో రద్దు చేసింది. 2025 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఆ నిర్ణయాన్ని సమర్థించింది. వివాదమంతా సంస్థకూ ప్రాధికార సంస్థకూ మధ్యనే నడిచింది. భూమి ఇచ్చినవాడు ప్రేక్షకుడిగా కూడా లేడు.

హైదరాబాద్ హుస్సేన్ సాగర్ తీరాన 2023 ఫిబ్రవరిలో జరిగిన ఫార్ములా ఈ పోటీ కథ వేరు. అక్కడ పొలాలు పోలేదు. అయినా ఆ తర్వాత రాజకీయమంతా నిధులు ఎవరు, ఎలా చెల్లించారన్న దాని చుట్టూనే తిరిగింది. పోటీ ఎవరి కోసమన్న ప్రశ్న అక్కడా వెనకబడింది.

ఫార్ములా వన్‌ను తిరిగి రప్పించాలన్న మాట అడపాదడపా వినిపిస్తూనే ఉంది. రప్పించేవారు ముందుగా ఆ గ్రామసభలకు వెళ్లాలి. ఉపాధిలో, రాబడిలో వాటా ఎంతో కాగితం మీద రాసివ్వాలి. తనకు వాటా లేని ఉత్సవానికి చప్పట్లు కొట్టవలసిన బాధ్యత ఏ ఊరికీ లేదు.